సోలార్ ప్లేటు మీద పేరు

మోతీబాయి గురించి ఒక మంచి మాటతో మొదలుపెట్టమంటే నా వల్ల కాదు. ఇన్నేళ్ల బతుకులో నన్ను నడిబజారులో దొంగ అన్న మనిషి ఆమె ఒక్కతే. ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా మోటార్లు బాగుచేసే దుకాణం నాది. 2013 ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆమె లింగంపేట వైపు నుంచి వచ్చే బస్సు దిగింది. చేతిలో వేర్లతో సహా పీకిన మక్కజొన్న మొక్క, ఆకులన్నీ చుట్ట చుట్టుకుపోయి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. నా దుకాణం మెట్టు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరికీ ఆ మొక్క చూపించడం మొదలుపెట్టింది.

"గీ ముక్తార్ సాయబు నా మరిది కాడ పైసలు తిన్నడు. మంచి ప్లేట్లు గుంజుకపోయి నాకు సచ్చిన ప్లేట్లు బిగిచ్చిండు. గీయన చేతికి మోటరు ఇచ్చేటోళ్లు జర పైలంగ ఉండుండ్రి."

స్టార్టరు బాగుచేయించుకోవడానికి వచ్చిన రైతు ఒకాయన ఆ మాట విని, దాన్ని మళ్లీ చంకలో పెట్టుకుని పక్క దుకాణానికి నడిచాడు. నా ఒళ్లు మండిపోయింది.

"మోతీబాయి, నోరు సంబాళించుకో. ప్లేట్లు ఏడికీ పోలే. నువ్వు ఫోన్ చేసిననాడే చెప్పిన, మొగులైందేమో సూడుమని."

"మొగులా? నెల సంది ఆకాశం మీద కాకి నీడ గూడ లేదు. మబ్బు కమ్మింది నీ కండ్లకు."

పక్కనున్న చాయ్ హోటల్లో ఎవరో నవ్వారు. నేను షట్టరు కిందికి లాగాను. "పద. నీ ప్లేట్లేందో, నువ్వేందో ఇయ్యాల తేలాలె. బండి ఎక్కు," అన్నాను.

"నీ బండి ఎక్కితే నా మరిదికి ఇంకో మాట దొరుకుతది. నేను బస్సుల వస్త. నువ్వు ముందుగాల పోయి ఇంకేమన్న ఎత్కపోయేవు, నేను వచ్చేదాక బావి కాడికి పోకు."

దారి పొడుగునా ఆమెను తిట్టుకుంటూనే బండి నడిపాను. తిట్టుకుంటూ ఉంటే ఆమె సంగతంతా ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది.

మోతి పుట్టింది రామారెడ్డి అనే ఊరి దగ్గరి ఒక తండాలో. పెండ్లయి లింగంపేట అవతల, అడవి అంచున ఉన్న తండాకు వచ్చింది. భర్త ప్రేమ్‌సింగ్. ఇద్దరికీ కలిపి ఒక బావి, దాని కింద కొంచెం చెలక. బావికి కరెంటు తీగ రాలేదు. అందుకని ఏటా దసరా దాటగానే, కూలీలను కుదిర్చే ముకద్దం పంపిన లారీ ఎక్కి మహారాష్ట్ర వైపు చెరుకు కోతకు పోయేవాళ్లు, ఉగాదికి తిరిగొచ్చేవాళ్లు. కూతురు రేఖ ఆ చెరుకు తోటల దగ్గరి గుడిసెలోనే పుట్టింది. పిల్ల చదువు ప్రతి ఏడాదీ దసరాకు తెగేది, ఉగాదికి మళ్లీ అతికేది. ఆ పిల్ల ఒకే తరగతి రెండుసార్లు చదివిందంటే తెలివి లేక కాదు.

2011లో ఒక సంస్థ వాళ్లు కరెంటు లేని బావులకు సోలార్ మోటార్లు ఇస్తూ ప్రేమ్‌సింగ్ బావికి కూడా ఒకటి ఇచ్చారు. బిగించే పని నాది. అంతకుముందే కామారెడ్డిలో మా మెకానిక్‌లకు శిక్షణ పెట్టారు. సగం నాకు అర్థమైంది, సగం కాలేదు, అయినా తల ఊపి వచ్చాను. నాలుగు ప్లేట్లు ఇనుప చట్రానికి బిగిస్తుంటే మోతి నడుం మీద చేతులు పెట్టుకుని నా నెత్తి మీదే నిలబడింది.

"నా రైకె మీది అద్దాలు ఎండకు కండ్లల్ల కొడ్తయి. ఇది గంత పెద్ద అద్దం, ఎందుకు కొడ్తలేదు?" అని అడిగింది.

"అద్దం ఎండను తిప్పికొడ్తది. ఇది మింగుతది," అన్నాను.

"ఎట్ల మింగుతది?"

శిక్షణలో విన్నది నాకు వచ్చినట్టు చెప్పాను. గాజు కింద ఉన్నవి సిలికాన్ బిళ్లలు. వాటిమీద నీలంగా కనబడేది ఒక పొర. అలాంటివి వెయ్యి పొరలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక వెంట్రుక మందం వస్తుంది, అంత పలచన. ఎండ తిరిగి వెనక్కి పోకుండా ఆ పొర దాన్ని లోపలికి పంపుతుంది. లోపలికి పోయిన వెలుగు సిలికాన్‌లో అతుక్కుని ఉన్న ఎలక్ట్రాన్లను కదిలించి వదిలిపెడుతుంది. అవన్నీ ఒకే దిక్కుకు పరుగెత్తితే అదే కరెంటు. పొర మందం కొంచెం అటూఇటూ అయినా రంగు మారుతుందట, ఎండ తిరిగి పోతుందట. వెంట్రుకలో వెయ్యోవంతును ఎవరు కొలిచారో నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.

"అంటే రోజు ఎండ తిని నీళ్లు పోస్తదన్నమాట," అంది మోతి. "నా మొగుడు రొట్టెలు తిని ఏం పోస్తలేడు."

ప్రేమ్‌సింగ్ పగలబడి నవ్వాడు. మొదటిసారి పైపులోంచి నీళ్లు దూకినప్పుడు మోతి నవ్వలేదు. చూరులో చెక్కిన చెరుకు కొడవలిని తెచ్చి అందరి ముందు కింద పడేసింది. ఇక దీన్ని ముట్టనంది. ఆ ఏడు రేఖను ఎల్లారెడ్డి హాస్టల్లో చేర్పించింది.

మరుసటి వానాకాలంలో ప్రేమ్‌సింగ్ జ్వరమొచ్చి పోయాడు. మోతి భుజాల గాజులు తీసేసింది, అద్దాల రైక పెట్టెలో పెట్టేసింది. నెల తిరగక ముందే మరిది దేవీసింగ్ బావి దగ్గరికి వచ్చాడు. "ప్లేట్లు అన్న పేరు మీద వచ్చినయి. అన్న లేడు. ఇంటికి మగోన్ని నేను," అన్నాడు. ఒకరోజు ఆమె లింగంపేట అంగడికి పోయి వచ్చేసరికి అతడు పానా పట్టుకుని చట్రం బోల్టులు విప్పుతున్నాడు. ముట్టనన్న కొడవలిని మోతి ఆ రోజు ముట్టింది. అతడు పానా అక్కడే వదిలి పరుగెత్తాడు. ఆ పానా ఇప్పటికీ ఆమె ఇంట్లోనే ఉంది, తిరిగి ఇవ్వలేదు.

ఇంతవరకే నాకు తెలుసు. ఆ తర్వాత ఏం జరిగిందో ఆ ఫిబ్రవరి పొద్దున బావి దగ్గర బండి ఆపినప్పుడు కంటితో చూశాను.

నాలుగు ప్లేట్ల మీదా ఈ చివర నుంచి ఆ చివరకు 'మోతి' అని రాసి ఉంది. జానెడు పైన ఎత్తున్న తెల్లని ఆయిల్ పెయింటు అక్షరాలు. వాటికి ఎర్ర అంచు. అక్షరం ఉబ్బెత్తుగా కనబడాలని పక్కన మందంగా నల్లటి నీడ. రెండు పక్కలా రెండేసి పువ్వులు. అది ఎవరి చెయ్యో చెప్పనక్కర లేదు. ఎల్లారెడ్డిలో ఒకప్పుడు ప్రతి దుకాణం బోర్డూ రాసిన పెయింటర్ రాజేశం. ఫ్లెక్సీలు వచ్చాక అతణ్ని పిలిచే వాడు లేడు. చాలా రోజులకు ఒక పని దొరికిందని తనకు వచ్చిన విద్యంతా ఆ ప్లేట్ల మీద కుమ్మరించినట్టున్నాడు.

బస్సు దిగి వచ్చిన మోతిని దూరం నుంచే నిలదీశాను. "ఎవలు రాయమన్నరు దీని మీద?"

"నేనే రాయించిన. నా ప్లేట్లు, నా పేరు. నీకేంది నొప్పి?"

మా వైపు ఇంట్లో వస్తువు మీద పేరు లేకపోతే అది ఎవరిదైనా కావచ్చు. బిందె మీద, గంగాళం మీద, పెండ్లిలో పెట్టిన పళ్లెం మీద పేరు కొట్టిస్తారు. మోటారు మీద, స్టార్టరు డబ్బా మీద రంగుతో రాయిస్తారు. వస్తువును అమ్మితే పేరు గీకి ఇస్తారు. పేరు గీకారంటే దాని మీద ఆశ వదులుకున్నట్టే. తండాలో ఈ కట్టుబాటు ఏ కాగితం కన్నా గట్టిది. దేవీసింగ్ పానా పట్టుకుని తిరుగుతున్నప్పుడు మోతికి తోచిన కాపలా ఇదొక్కటే. అది ఆ రోజు నాకు అర్థం కాక కాదు. అర్థమైనా కోపం తగ్గలేదు.

"ఎండ లోపలికి పోయే తొవ్వల నీ పేరు అడ్డం పండుకున్నది," అన్నాను. "రంగు పడ్డ బిళ్లకు వెలుగు అందది. అండ్ల బిళ్లలన్ని ఒకదాని ఎనక ఒకటి వరుసగ ఉంటయి. బావి కాడ మనుషులు నిలబడి బిందెలు అందించుకుంటరు సూడు, గట్ల. నడుమల ఒకడు చేతులు ముడుసుకుంటే ఎనకున్నోళ్లందరు బిందె పట్టుకుని నిలబడుడే. ఈ పేరు తుడిచెయ్యాలె."

ఆమె ముఖం మారిపోయింది.

"ఇప్పుడు తెలిసింది, దేవీసింగ్ నిన్నెందుకు తోలిండో. పేరు తుడిపిస్తె తెల్లారి వచ్చి ఇప్పుకపోతడు. నీకేమిస్త అన్నడు? నీ పిల్లలకు ఎట్ల దిగుతది సాయబూ ఆ బువ్వ?"

"నా పిల్లల మాట ఎత్తకు, చెప్తున్న."

"ఎత్తుత. నా పిల్ల నోటికాడి కూడు గుంజుతుంటే నీ పిల్లల మాట ఎత్తనా?"

ఆమెకు ఏం పోతుందో నాకూ కనబడుతూనే ఉంది. ఎదురుగా మక్క చేను కంకి పాలు పోసుకునే దశలో ఉంది. పైపులోంచి సన్నటి ధార వస్తోంది, అది మొదటి సాలు దాటకుండానే భూమిలో ఇంకిపోతోంది. ఈ వారం నీళ్లందకపోతే కంకిలో గింజ పడదు. ముకద్దం అప్పటికే ఒకసారి తండాకు వచ్చి, కోతకు ఇంకా మనుషులు కావాలని చెప్పి పోయాడు. చేను పోతే మోతి లారీ ఎక్కాలి. తొమ్మిదో తరగతి చదువుతున్న రేఖను హాస్టల్ నుంచి తీసుకుని, ఇద్దరూ కొడవళ్లు పట్టుకుని ఎక్కాలి.

ఇదంతా తెలిసీ నేను అరిచాను, ఆమె అరిచింది. అరుస్తూ అరుస్తూ ఆమె నా మీదికి వచ్చి, ప్లేట్లకు అడ్డంగా నిలబడింది. చేతులు చాచి నా ఏడు తరాలనూ తిడుతోంది. అప్పుడు పైపు చప్పుడు ఆగిపోయింది.

"జరుగు," అన్నాను. "నీ నీడ పడ్తుంది."

ఆమె తిట్టు సగంలో ఆగింది. పైపు వంక చూసింది. పక్కకు జరిగింది. కాసేపటికి ధార మళ్లీ వచ్చింది, సన్నగానే. మళ్లీ వచ్చి ప్లేట్ల ముందు నిలబడింది. ధార ఆగింది. నన్ను చూడకుండా అలా ఇంకోసారి చేసింది. తర్వాత పోయి గట్టు మీద కూలబడింది.

"నా పేరే నా చేనుకు పురుగైందా," అంది.

ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే. జాలి వేసింది, వేయలేదంటే అబద్ధం. కానీ దొంగ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది, అందుకని మెత్తగా మాట్లాడలేకపోయాను.

"పేరు కావాల్నా, పంట కావాల్నా? చెప్పు."

"రెండు కావాలె. ఒక్కదాంతోటి బతికే ఆడది ఈ తండాల లేదు."

కొంగుతో ముక్కు తుడుచుకుని ప్లేట్ల దగ్గరికి వచ్చింది. చట్రం కిందికి వంగి చూసింది.

"దీనికి నోరు ఒక్కదిక్కేనా? ఈపు గూడ ఎండ తింటదా?"

"ఈపు తినది. మొఖమే తింటది."

ఇంట్లోకి పోయి బూడిద, కొబ్బరిపీచు పట్టుకొచ్చింది, గిన్నెలు తోమినట్టు తోముదామని. నేను అడ్డం పడ్డాను. "దానితోని రుద్దితే గాజు మీద గీతలు పడ్తయి. గీతలు పడ్డ కాడ ఎండ చెదిరిపోతది." మోటారు చుట్టలకు పూసే వార్నిష్ కోసం నా డబ్బాలో థిన్నరు ఉంటుంది. పాత లంగా గుడ్డ చింపి ఇచ్చింది. రెండు ప్లేట్లు నేను తుడిచాను, రెండు ఆమె తుడిచింది. రాజేశం పువ్వులు ఒక పట్టాన వదలలేదు. ఆఖరి ప్లేటు మీద 'మో' పోయి 'తి' మిగిలినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. పళ్లు బిగబట్టి అదీ తుడిచేసింది. పైపు నిండుగా నీళ్లు దూకాయి, రెండో సాలు దాటి మూడో సాల్లోకి పారాయి.

మనిషన్నవాడు అప్పుడు ఒక మంచి మాట అంటాడు. మోతి నా డబ్బా నా చేతికిచ్చి, "ఫోన్ చేసిననాడే వస్తె రెండు సాళ్లు ఎండకపోవు," అంది. నేను బండి స్టార్టు చేసుకుని వచ్చేశాను.

ఆ వారం దాటలేదు, దేవీసింగ్ నుంచి ఫోను వచ్చింది.

"ముక్తార్ భాయ్, పానాలు తీస్కొని రా. ప్లేట్లు ఇప్పి నా బావి కాడ బిగియ్యాలె. వదినె పేరు తుడిచేసింది. నాయక్‌ను గూడ పిలిచిన, ఇయ్యాలనే పంచాయతి."

తుడవమన్నది నేను. చేను బతికింది, ఇప్పుడు ప్లేట్లే పోతున్నాయి. పానాలు ఇంట్లోనే వదిలిపెట్టి వెళ్లాను.

వెళ్లేసరికి పొద్దు కొంచెం వాలింది. తండా పెద్ద తేజ్యా నాయక్ గట్టు మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. దేవీసింగ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్లేట్ల పక్కన నిలబడ్డాడు, అప్పటికే అవి తనవైనట్టు. మోతి మక్క చేనులో నీళ్లకు సాలు మారుస్తోంది, పిలిచినా వెంటనే రాలేదు.

"నువ్వే సూడు నాయక్," అన్నాడు దేవీసింగ్. "గాజు సాఫ్‌గ ఉన్నది. మనల పేరు గీకిందంటె వస్తువు ఇడ్సిపెట్టినట్టే. ఇది నేను పుట్టిచ్చిన మాట కాదు."

నాయక్ తల ఊపాడు. "మాట నిజమే. మోతీ, పేరు నువ్వే తుడిచినవా?"

మోతి పార భుజాన వేసుకుని వచ్చింది. "నేనే తుడిచిన. సాయబు గూడ తుడిచిండు."

దేవీసింగ్ నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఇంకేంది మరి?" అన్నాడు నాయక్.

"గీకలే. జరిపిన."

"ఏడికి?"

"ఎండ తినని దిక్కుకు. చట్రం కిందికి పోయి సూడుమను."

చట్రం ఒక పక్క మోకాలెత్తు కూడా లేదు. చూడాలంటే వెల్లకిలా పడుకుని దూరాలి. కింద అంతా పారిన నీళ్ల బురద. దేవీసింగ్ కదలలేదు.

"ఆడదాని మాటకు నేను బురదల పండుకోవాల్నా?"

"ప్లేట్లు కావాలన్నది నువ్వు," అన్నాడు నాయక్. "పండుకో."

ఇస్త్రీ చొక్కాతోనే దూరాడు. లోపల్నుంచి కాసేపు ఏమీ వినబడలేదు. మోతి పేరు చదవడానికి ఇంతసేపు ఎందుకు పడుతోందా అనుకున్నాను. తర్వాత అతని గొంతు వినబడింది.

"రేఖ."

మళ్లీ కాసేపటికి, "దీని మీద గూడ రేఖే."

నాలుగు ప్లేట్ల వీపుల మీదా కూతురి పేరే. ప్లేట్లు తుడిచిన మర్నాడే రాజేశాన్ని పిలిపించి, చట్రం కింద పడుకోబెట్టి రాయించిందట. అక్షరాలకు నల్లటి నీడ వెయ్యనా అని అడిగితే, నీడ మాట ఎత్తితే డబ్బాతో కొడతానందట. ఇది రాజేశమే తర్వాత నాతో చెప్పాడు.

నాయక్ గడ్డం గోక్కున్నాడు. "నీ పేరెందుకు రాయియ్యలే మోతీ?"

"నా పేరుకు వీడు ఒక్క సావు దూరంల ఉన్నడు. నేను సస్తె తెల్లారి గీకుతడు. గా పిల్ల పేరు గీకాలంటె వీడు ముసలోడు కావాలె."

బురద వీపుతో దేవీసింగ్ బయటికి వచ్చాడు. "ఆడపిల్ల. రేపు పెండ్లయి పోతది. ప్లేట్లు దానికెందుకు?"

"పోతె ప్లేట్లు గూడ దాని ఎంట పోతయి. నువ్వే మోసుకపోయి దింపిరా. చిన్నాయినవు గద."

నాయక్ నవ్వు ఆపుకోలేక తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. లేచి నిలబడి, "పేరున్నది. ఇగ మాట్లాడేదేం లేదు," అన్నాడు.

దేవీసింగ్‌కు అది మింగుడు పడలేదు. నాయక్‌ను ఏమీ అనలేడు, అందుకని నా మీద పడ్డాడు. ఇదంతా ఈ సాయబు నేర్పిన విద్యేనన్నాడు, నా దుకాణం ఎట్లా నడుస్తుందో చూస్తానన్నాడు. నేనూ ఊరుకోలేదు. అతని ఎదురుగా పోయి నిలబడి, చూడమన్నాను. ఇద్దరం ప్లేట్ల ముందే నిలబడి ఒకరి ముఖం మీద ఒకరు చెయ్యి ఊపుకుంటూ అరుచుకున్నాం. చేనులోకి పారుతున్న ధార సన్నబడింది.

మోతి పార దించి వెనక్కి తిరిగింది. గొంతు పెంచలేదు.

"దేవీసింగ్, నీ నీడ పడ్తుంది. జరుగు."

అతడు నాయక్ వంక చూశాడు. నాయక్ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. దేవీసింగ్ జరిగాడు.

ధార ఇంకా నిండలేదు. మోతి నా వైపు చూసింది. నేనూ జరిగాను.